దాలమ్మ వంతు

చిన్నారావు పోయిన రోజు వరహాలమ్మ నోరు తెరవగానే శివాజీ చెయ్యెత్తి ఆపాడు.

శవం ఇంకా వరండాలోనే ఉంది. ఆడవాళ్ళు చుట్టూ చేరి కూర్చున్నారు. డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో తెలుగువాళ్ళ ఇంట్లో ఎవరు పోయినా శోకం ఎత్తుకునేది వరహాలమ్మే. విజయనగరం వైపు పల్లెల నుంచి వ్యాగన్ల మరమ్మతు పనికి రాయపూర్ వచ్చి ఉండిపోయిన కుటుంబాలవి. వస్తూ వెంట తెచ్చుకున్నవాటిలో శోకం ఒకటి. ఒకావిడ పోయిన మనిషి గురించి రెండు మాటలు రాగం తీసి ఏడుస్తుంది. ఆవిడ ఊపిరి తీసుకునేచోట ఇంకొకావిడ అందుకుని తన మాట కలుపుతుంది. మంచితనమూ చెప్పుకోవచ్చు, తాగుడూ చెప్పుకోవచ్చు. శోకంలో అన్న మాటకు తప్పు పట్టకూడదు. అన్న మాటను వెనక్కి తీసుకోమనకూడదు.

"పిన్నీ, వద్దు. ఇదంతా ఇప్పుడు బంద్ చేశాం. కమిటీలో ఫైనల్ అయిపోయింది" అన్నాడు శివాజీ.

శివాజీ వర్క్‌షాపులో సూపర్వైజరు. కాలనీలో మనవాళ్ళ కమిటీకి కార్యదర్శి. ఆయన సైగ చేయగానే ఎవరో నల్లటి స్పీకరు డబ్బా తెచ్చి గుమ్మం పక్కన పెట్టారు. అందులోంచి హిందీ భజన మొదలైంది. చిన్నారావుకు బతికున్నంతకాలం భజన అంటే పడేది కాదు. ఆయన భార్య డబ్బా వంక అలా చూస్తూ కూర్చుంది. ఏడుపు ఎక్కడ మొదలుపెట్టాలో ఆమెకు తోచలేదు.

దీని వెనక సంగతి ఒకటుంది. అంతకు ముందు ఇంకో చావింట్లో వరహాలమ్మ శోకాన్ని ఎవరో ఫోన్‌లో తీశారు. మరెవరో దానికి పెళ్ళి బ్యాండు దరువు తగిలించి ఊరంతా తిప్పారు. మోవాలో, ఉర్లాలో, వర్క్‌షాపు క్యాంటీన్లో కూడా దాన్ని చూసి నవ్వుకున్నారు. మన ఇజ్జత్ పోయిందని కమిటీలో మగవాళ్ళు తల పట్టుకున్నారు. వరహాలమ్మ కోడలు నవ్య ఆ వీడియోను భయపడుతూనే అత్తకు చూపించింది. ఆవిడ చివరిదాకా చూసింది. ఇంకోసారి పెట్టమంది. "దరువు అరవీసం వెనకబడ్డాది" అని ఫోన్ తిరిగిచ్చేసింది.

దాలమ్మ శివాజీ తల్లి. వరహాలమ్మకన్నా పెద్దది. ఇద్దరూ కొత్త కోడళ్ళుగా ఒకే లైనులో క్వార్టర్లలో దిగినవాళ్ళు. గుండె జబ్బుతో కొంతకాలంగా దాలమ్మ మంచం దిగడం లేదు. చిన్నారావు ఇంటి సంగతి ఆవిడకు ఆ సాయంత్రమే తెలిసింది. మర్నాడు వరహాలమ్మ జావ తీసుకుని వెళ్తే గిన్నె పక్కన పెట్టించి ముందు ఆ ముచ్చటే ఎత్తింది.

"ఒలే వరాలూ, నాను పోతే ఆ డబ్బాయే పెడతాడు కదే నా కొడుకు."

ఇద్దరి మధ్యా ఎప్పటిదో ఒప్పందం ఉంది. ఎవరు ముందు పోతే రెండోవాళ్ళు ఏడవాలి. అందులో ఏ మాట ఉండాలో, ఏది ఉండకూడదో కూడా చాటలో బియ్యం ఏరుకుంటూ అనుకున్నవే.

"నానొస్తాను. ఎవుడాపుతాడో సూత్తాను" అంది వరహాలమ్మ.

"నువ్వొస్తావు. నీ నోరు మూయించేత్తారు. నాను లేచి అడగనేను కదా అప్పుడు." దాలమ్మ కాసేపు ఆయాసపడి ఆగింది. "అందుకే ఇప్పుడే ఇంటాను. ఏడు."

వరహాలమ్మ మంచం మీది చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుంది. బతికున్న మనిషి మీద శోకం పెడితే ఆయుష్షు తీసినట్టే. చావు లేని ఇంట్లో సరదాకైనా ఆ రాగం తీయరు. చిన్నప్పుడు పొలంలో ఒకసారి తీస్తే వాళ్ళమ్మ మూతి మీద కొట్టింది. ఆ నమ్మకం ఆవిడకు ఒంట్లో ఎముకలాంటిది. తనవల్ల కాదని చెప్పింది. దాలమ్మ గోడవైపు తిరిగిపోయింది. జావ తాగలేదు. ఆ మర్నాడు కూడా తాగలేదు.

వరహాలమ్మ ఇంట్లో మధ్యాహ్నాలు ఇంకో గొడవ నడిచేది. కొడుకు నాగబాబు ఉర్లాలో స్టీలు ఫ్యాక్టరీకి వెళ్ళిపోయాక నవ్య పొయ్యి మీద కుక్కరు పెట్టి ఫోన్‌లో ఆట ఆడేది. జోడో, అంటే కలుపు అని దాని పేరు. ఒకరు చిన్న వీడియో ముక్క పెడతారు. అది రెండోవాళ్ళ ఫోన్‌కు వెళ్తుంది. వాళ్ళకు పది నిమిషాలు టైము. ఆలోపు దాన్ని సాగదీయొచ్చు, ముందువెనకలు చేయొచ్చు, కింద వేరే చప్పుడు పెట్టొచ్చు, తమ ముక్క ఒకటి కలపొచ్చు. టైము అయిపోగానే ఎంతవరకు అయితే అంతవరకు మూడోవాళ్ళకు పోతుంది. అందరి వంతులూ అయ్యాక మొత్తం ఒక్కటిగా అందరి ఫోన్లకూ వస్తుంది. నవ్య ఆడే జట్టులో ఒకమ్మాయి బిలాస్‌పూర్‌లో ఉంటుంది, ఒకతను నాగపూర్‌లో. ఎవరి ముఖం ఎవరూ చూడలేదు. ఒకరోజు నవ్య మజ్జిగ కవ్వం తిప్పడం పెడితే అది తిరిగి తిరిగి చివరికి రైలు చక్రంగా బయటికొచ్చింది. నవ్వుకుంటూ కూర్చునేసరికి కుక్కరులో పప్పు మాడింది. దాని మీద నాగబాబు రెండు రోజులు మాట్లాడలేదు. మోవాలో నవ్య పుట్టింటికి కూడా ఫోన్ చేసి చెప్పాడు. నవ్య ఆట మానలేదు. మంట తగ్గించి ఆడటం నేర్చుకుంది.

దాలమ్మ అన్నం మానేసిన రెండో రోజు వరహాలమ్మ కోడలి పక్కన వచ్చి కూర్చుంది. ఎప్పుడూ లేనిది.

"ముందలోళ్ళు పెట్టింది నీకు నచ్చకపోతే తీసెయ్యొచ్చా?"

"లేదత్తా. డిలీట్ ఉండదు. కలపడమే. పక్కా రూల్ అది. వేరేవాళ్ళది ఖరాబ్‌గా ఉన్నా దాని మీదే మన ముక్క పెట్టి బాగుచెయ్యాలి."

"ఎవరిదని అడుగుతారా?"

"ఎవరిదీ కాదు. అందరిదీ."

వరహాలమ్మ చాలాసేపు తెర వంక చూసింది. గడియారం కింద అంకెలు తరుగుతున్నాయి. ఒకరు ఆగినచోట ఇంకొకరు అందుకుంటున్నారు. అన్నదాన్ని వెనక్కి తీసుకునే పని లేదు.

"ఇది శోకమే" అంది.

ఆవిడకు తోచిన ఉపాయం ఇదీ. ఎవరూ ఏ ఇంట్లోనూ పూర్తిగా శోకం పెట్టరు. ఎవరి వంటింట్లో వాళ్ళు ఒక్క ముక్క పెడతారు. ఒక్క ముక్కను శోకమనరు. ముక్కలన్నీ కలిసేది ఫోన్‌లో. ఫోన్‌కు ఆయుష్షు లేదు. ఈ మాట దాలమ్మ చెవిలో చెబితే ఆవిడ గోడవైపు నుంచి ఇటు తిరిగింది. తనకూ ఒక వంతు కావాలంది. ఆఖరి వంతు. నవ్య ఆటలో అయిదుగురికి విడిగా ఒక గది తెరిచింది. తను, ఎదురు క్వార్టరు బంగారమ్మ, అత్త, నర్సుగా పనిచేసి రిటైరైన కమల, ఆఖరున నవ్య ఫోన్‌లోనే దాలమ్మ.

మొదటి వంతు నవ్యది. దాలమ్మ క్వార్టరు తలుపును వీడియో తీసింది. కింద మూల అరిగిపోయిన నీలం తలుపు, తెరుచుకునేటప్పుడు వచ్చే కిర్రు. ఆ కిర్రును సాగదీసి రాగంలా చేసి బంగారమ్మకు పంపింది.

అక్కడే పని చెడింది. తలుపు కిర్రు వినగానే బంగారమ్మ చెయ్యి గుండె మీదకు దానంతటదే వెళ్ళింది. శోకం మొదటి మాట ఎప్పుడూ ఒకటే. ఆ మాటే నోట్లోంచి వచ్చేసింది. "ఎల్లిపోనావా ఓలప్పా..." ఒళ్ళు తెలిసేసరికి అది ఫోన్‌లోకి ఎక్కేసింది. చెమటలు కారుతూ రోడ్డు దాటి పరిగెత్తుకొచ్చి తీసెయ్యమని నవ్య చేతులు పట్టుకుంది. బతికున్న మనిషిని పోయావా అన్నాను, పాపం చుట్టుకుంటుంది, తీసెయ్యవే గుంటా అని ఒకటే గోల. నవ్య తియ్యడం కుదరదని చెబుతుండగానే టైము అయిపోయింది. ఆ ముక్క వరహాలమ్మ ఫోన్‌కు వచ్చి పడింది.

వరహాలమ్మ దాన్ని పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది. బయట బంగారమ్మ నేల మీద కూర్చుని ఉంది. ఇప్పుడు మానేస్తే ఆ ఒక్క మాటే మిగిలిపోతుంది, దానికి విరుగుడు లేకుండా. తీసెయ్యడం లేదు. కలపాలి. ఆవిడ చావు ఇళ్ళలో ఇలాంటివి సర్దిన మనిషే. ఒకసారి ఎవరో పిచ్చిది పోయినవాడి రెండో సంసారం బయటపెడితే, ఊపిరి తీసుకునేలోపే అందుకుని ఆ మాటను ఇంకోవైపు తిప్పింది.

ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని రాగం అందుకుంది.

"ఎల్లిపోనావా ఓలప్పా, బజారుకెల్లిపోనావా. నన్నొదిలేసి ఒక్కత్తివే ఎల్లిపోనావా. హిందీ ముక్క రానిదానివి, కొత్తిమీర కట్టకి కొట్టాడి హిందీ నేర్చినావు ఓలప్పా. కట్ట చేతిలో ఎట్టుకుని రాణీలాగ తిరిగొచ్చినావు ఓలప్పా. నువ్వు తిట్టిన తిట్టు నాకింకా తెలీదు, మల్లొచ్చి సెప్పు ఓలప్పా."

తలుపు తీసి బయటికి వచ్చేసరికి బంగారమ్మ నవ్వుతూ ఏడుస్తోంది. వెళ్ళినావిడ తిరిగొచ్చేసింది. పాపం చుట్టుకోలేదు.

కమల వాళ్ళు కోస్తా నుంచి వచ్చిన క్రైస్తవులు. వాళ్ళలో శోకాలు లేవు. తనకు చేతకాదని ముందే చెప్పింది. భర్త ఏలియా ఆస్పత్రిలో ఉన్నప్పుడు దాలమ్మ రోజూ క్యారేజీ పంపేది. ఆ క్యారేజీ ఇప్పటికీ కమల దగ్గరే ఉండిపోయింది. కమల దాని గిన్నెలు ఒక్కొక్కటే విప్పి, మూతలు తీసి, మళ్ళీ ఒకదాని మీద ఒకటి పెట్టింది. మాట లేదు. స్టీలు చప్పుడు మాత్రమే. అది వరహాలమ్మ గొంతు కింద పెట్టింది. సరిగ్గా దరువులా పడింది.

ఇక దాలమ్మ వంతు. నవ్య, వరహాలమ్మ మిట్టమధ్యాహ్నం ఆవిడ మంచం దగ్గరకు చేరారు. శివాజీ వర్క్‌షాపులో ఉన్నాడు. ఆయన భార్య పిల్ల స్కూల్లో మీటింగుకు వెళ్ళింది. కూలరు ఆపేశారు. అయినా ఫోన్‌లో వచ్చేది దాలమ్మకు వినిపించలేదు. ఆవిడకు చెవులు మందగించి చాలా కాలమైంది. చెవికి ఆనించి పెట్టినా తలుపు కిర్రు తెలియలేదు. "ఏటీ, ఏటీ" అంటోంది. టైము తరిగిపోతోంది.

అప్పుడు దాలమ్మే మంచం కిందికి వేలు చూపించింది. కమిటీ వారి నల్ల డబ్బా అక్కడే ఉంది. కార్యదర్శి ఇంట్లో కాక ఎక్కడుంటుంది.

"అత్తా, ఇదా?" అంది నవ్య. "గలీ అంతా వినిపిస్తుంది."

"ఇననీ" అంది దాలమ్మ.

నవ్య అత్త వంక చూసింది. వరహాలమ్మ వంగి డబ్బాను తనే బయటికి లాగి, చీరకొంగుతో దుమ్ము తుడిచింది.

తలుపు కిర్రు గోడలు అదిరేలా మోగింది. ఆ తర్వాత బంగారమ్మ ఎల్లిపోనావా, దాని వెంటే వరహాలమ్మ బజారు, కొత్తిమీర, కింద క్యారేజీ దరువు. దాలమ్మ కళ్ళు మూసుకుని విన్నది. కొత్తిమీర దగ్గర పెదవులు కదిలాయి. ఆ తిట్టే అయి ఉంటుంది. అయిపోగానే చెయ్యి చాచింది. నవ్య ఫోన్ ఆవిడ నోటి దగ్గర పెట్టి ఎర్ర చుక్క నొక్కింది.

దాలమ్మ గొంతు ఎప్పుడో పోయింది. గాలే ఎక్కువ. అయినా రాగం చోటు తప్పలేదు.

"ఓలమ్మా, నాకు నానే ఏడుత్తున్నాను ఓలమ్మా. కొడుకుని కన్నాను, కొడుకు డబ్బా కొన్నాడు ఓలమ్మా. నా ఏడుపు నాకు నేకుండా చేసినాడు, నా వరాలు నోరు కట్టేసినాడు. నాకు బయ్యం నేదు, సావు బయ్యం నేదు, నోరు నేని సావే బయ్యం ఓలమ్మా..."

ఆవిడ ఊపిరి తీసుకోవడానికి ఆగింది. సరిగ్గా ఆ చోట, నీలం తలుపు గోడకు కొట్టుకుంది.

"అమ్మా!"

శివాజీ. భోజనం సైరనుకు ఇంటికి బయల్దేరిన మనిషి. లైను మొదట్లోకి రాగానే తన ఇంట్లోంచి వరహాలమ్మ శోకం వినిపించింది. ఇక ఏమనుకుంటాడు. సైకిలు ఎక్కడ పడేశాడో, ఒక కాలికి చెప్పు లేదు. వెనకాల వాకిట్లో లైనులోని ఆడవాళ్ళందరూ పోగయ్యారు. వాళ్ళు కూడా అదే అనుకుని వచ్చారు. శివాజీ గుమ్మంలో నిలబడి మంచం మీద దాలమ్మను చూశాడు. ఆవిడ కళ్ళు తెరిచి ఆయన్నే చూస్తోంది. ఆయన గోడ పట్టుకున్నాడు. నవ్య చేతిలో ఎర్ర చుక్క ఇంకా వెలుగుతూనే ఉంది. అప్పుడు చూసుకుని ఆపింది.

కాసేపటికి ఆయనకు సంగతి అర్థమైంది. అప్పుడు కోపం వచ్చింది. బతికున్న మనిషికి శోకమా, అదీ కమిటీ డబ్బాలో, ఇంత చదువుకున్న నవ్యకైనా బుద్ధి ఉండొద్దా, ఇప్పుడీ లైనులో తలెత్తుకోవడం ఎలా అని వరసగా అన్నీ అన్నాడు. హిందీలో సగం, తెలుగులో సగం. నవ్య తల వంచుకోలేదు. ఫోన్ గుండెకు ఆనించి పట్టుకుని నిలబడింది.

"ఇటివ్వు. డిలీట్ చెయ్యాలి అది" అన్నాడు.

నవ్య ఫోన్ ఇచ్చేసింది. ఆయన తెర మీద అన్నిచోట్లా నొక్కాడు. తీసే గుర్తు ఎక్కడా లేదు. కలిపే గుర్తే ఉంది. పైన అంకెలు తరుగుతున్నాయి.

"లేదన్నా. కలపడమే. ఇంకా టైము ఉంది, నీకు ఏమైనా కలపాలంటే కలుపు" అంది నవ్య.

"పిన్నీ, నువ్వైనా చెప్పు."

వరహాలమ్మ మంచం పట్టె మీద కూర్చుంది. అక్కడి నుంచి లేవలేదు. "ఏటి సెప్పాల? చిన్నారావు ఇంట్లో నువ్వు చెయ్యెత్తితే ఆగిపోనాను. ఆ పొద్దే నాది తప్పు. ఇంక ఆగను. మీ అమ్మకైనా, ఇంకెవులికైనా. నువ్వు డబ్బా పెట్టుకో, భజన పెట్టుకో. నా గొంతు నీ డబ్బా కన్నా పెద్దది."

వాకిట్లో ఎవరో కిసుక్కుమన్నారు. బంగారమ్మ అయ్యుంటుంది. శివాజీ అటు తిరిగి చూశాడు. అందరూ తెలిసిన ముఖాలే. ఎవరూ కదల్లేదు, ఎవరూ తమ ఇళ్ళకు పోలేదు. చిన్నారావు భార్య కూడా వాళ్ళలో ఉంది. తెల్లచీర కొంగు నోట్లో పెట్టుకుని డబ్బా వంకే చూస్తోంది.

ఆయన చేతిలో ఉండగానే అంకెలు అయిపోయాయి. ఫోన్ చిన్నగా మోగింది. వాకిట్లో బంగారమ్మ కొంగు ముడిలోంచి, కమల చేతిలోంచి, వరహాలమ్మ ఒళ్ళోంచి అదే చప్పుడు. మొత్తం ఒక్కటై అందరికీ వచ్చేసింది. డబ్బాకు తగిలించి ఉంది కాబట్టి దానంతటదే మోగడం మొదలైంది.

ఎవరూ ఆపలేదు. శివాజీ కూడా ఆపలేదు. ఎక్కడ నొక్కితే ఆగుతుందో తెలియకనో, మరెందుకో. తలుపు, బజారు, కొత్తిమీర, క్యారేజీ. దాలమ్మ గాలి గొంతు. కొడుకు డబ్బా కొన్నాడు అన్నచోట ఆయన నేల చూశాడు. నోరు లేని చావే భయం. ఊపిరి. ఆ ఊపిరి అయ్యీ అవగానే, రాగానికి ఎంత ఖాళీ కావాలో అంతా వదిలి,

"అమ్మా!"

ఇంకో మనిషి అరిచినట్టుంది. పగిలిపోయిన గొంతు. అంత పెద్ద డబ్బాలోంచి వచ్చి వాకిలి దాటిపోయింది. శోకంలో ఆడవాళ్ళ మధ్య మగగొంతు ఎప్పుడూ వినపడదు. వరహాలమ్మ ఎన్ని చావులు చూసిందో, ఇలా ఒక్కచోటా వినలేదు.

దాలమ్మ నెమ్మదిగా తల తిప్పింది. "నా కొడుకు ఏడిసినాడే."

"నేను ఏడవలేదు" అన్నాడు శివాజీ.

"మల్లీ పెట్టు గుంటా."

నవ్య మళ్ళీ పెట్టింది. ఈసారి ఆ కేక దగ్గరకు వచ్చేసరికి శివాజీ బయటికి వెళ్ళబోయి, వాకిట్లో జనాన్ని చూసి ఆగి, వెనక్కి వచ్చి తల్లి కాళ్ళ దగ్గర మంచం మీద కూర్చున్నాడు. చెప్పు లేని కాలును రెండో కాలి వెనక దాచుకున్నాడు. దాలమ్మ మూడోసారి పెట్టమంది. వాకిట్లోంచి చిన్నారావు భార్య లోపలికి వచ్చి వరహాలమ్మ పక్కన నేల మీద కూర్చుంది. తన మనిషికి కూడా ఒకటి చెయ్యమని అడిగింది. ఇప్పుడైనా చెయ్యొచ్చా అని నవ్య వంక చూసింది. తన వంతు తనే ముందు పెడతానంది, తాగుడు సంగతి కూడా ఉంటుందంది.

శివాజీ ఆ మాట విన్నాడు. చెయ్యి మాత్రం ఎత్తలేదు.

దాలమ్మ జావ అడిగింది. వరహాలమ్మ గిన్నె తెచ్చి చెంచాతో పట్టింది. తాగుతూనే తప్పులు ఎంచింది. కమల చప్పుడు బాగుందంది. బంగారమ్మది కంగారు గొంతంది. తన ముక్కలో మొదట్లో రాగం తగ్గిందంది, పోయేలోగా ఇంకోటి చేసుకోవాలంది.

రెండో సైరను మోగింది. శివాజీ లేచాడు. భార్య చెప్పులే కాళ్ళకు తగిలించుకుని గుమ్మం దాకా వెళ్ళాడు. వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"చేస్తే చేసుకోండి. ఆ పెళ్ళి దరువు మాత్రం పెట్టకండి. జనం నవ్వుతారు."

"పెడతాం" అంది వరహాలమ్మ. చెంచా గిన్నెలో పెట్టేసి, మంచం పట్టె మీద వేళ్ళతో వాయించి చూసింది. నిదానంగా, ఎక్కడా వెనకబడకుండా. "ఈసారి నానే వేత్తాను."